కాళహస్తి కొండ మీద నుంచి చూసిన ఏరు

మాది కే.వి.కుప్పం నుంచి వచ్చిన సంఘం.

ప్రతి సంఘమూ ఈ ఏడు ఏం చేసిందో చెప్పాలని పెద్దలు అన్నారు. మా ముందు మాట్లాడినవాళ్ళు కట్టడం లేపినాము అన్నారు, బ్యాంకు అప్పు తీర్చినాము అన్నారు, వినడానికి సంతోషంగా ఉండాది. మాకు చెప్పుకోడానికి ఒక దినం యాత్ర తప్ప వేరేది లేదు. నవ్వబాకండి. ఆ యాత్ర కోసం మా సంఘంలో జరిగిన రభస ఏ ఎన్నికకూ జరగలేదు. మేము చదివింది 8వ తరగతి వరకే, అందుకే రాసుకొని వచ్చినాము. చిన్నవాళ్ళు దీన్ని ఫోనులో చదివే సంచికలో వేస్తాం అన్నారు గనక పేర్లు, సంవత్సరాలు ఒకటికి రెండుసార్లు చూసుకొని రాసినాము. మిగిలిన తప్పులుంటే మన్నించండి.

మా ఊరి సంగతి మీకు తెలిసిందే. గుడియాత్తం చుట్టూరా లుంగీ నేసే ఊర్లలో మాదీ ఒకటి. మా చిన్నప్పుడు వీధిలో నడిచిపోతే రెండు పక్కలా మగ్గం చప్పుడే. ఇప్పుడు పొద్దున్నే ముందు వినబడేది షూ కంపెనీ బస్సు హారను. మా ఆడపిల్లలు సగం మంది ఆ బస్సులో పోతారు, మిగిలినవాళ్ళు బీడీకో అగ్గిపెట్టె పనికో పోతారు. వాళ్ళను తప్పు పట్టేదానికి లేదు, నెల తిరిగితే జీతం చేతికి వస్తుంది. 1985 చట్టంలో చేమగ్గానికే వదిలిపెట్టిన రకాల్లో లుంగీ కూడా ఉండాది. కాగితంలో ఉండాది. సంతకు పోయి లుంగీ తిప్పి చూస్తే అది ఏ మగ్గానిదో నేసే మనకు తెలుస్తుంది, కొనేవాడికి తెలీదు, అమ్మేవాడు చెప్పడు.

యాత్ర మాట వచ్చిన సమయంలో మా గోడౌనులో మూటలు పైకప్పు దాకా ఉండాయి. ఒక వ్యాపారి సరుకు ఎత్తుకొని పోయి ఇదిగో అదిగో అని డబ్బు నిలిపేసినాడు. పేరు ఇక్కడ వద్దు. అట్లాంటప్పుడు పిల్లలు వచ్చి, "తాతా, హొగెనకల్ పోదాము, పరిసల్ ఎక్కుదాము" అన్నారు. ఆడవాళ్ళు కాళహస్తిలో రాహుకేతు పూజ మొక్కు బాకీ ఉండాది అన్నారు. మా సంఘంలో అందరికన్నా పెద్దాయన ఒకరు, ఇప్పటికీ గుంట మగ్గం దిగని మనిషి, సమావేశంలో లేచి, "గుడ్డ గోడౌన్లో కుళ్ళుతా ఉంటే ఊరు తిరగడమా? సిగ్గు లేదా?" అన్నారు. ఆయన మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. మేము కూడా తల వంచుకొనే కూర్చున్నాము.

చివరకు మేము ఒక మాట చెప్పినాము. కాళహస్తికే పోదాము, దేవుడు ఉండాడు. కొండ ఉండాది, కొండ మీద నుంచి ఏరు కనపడుతుంది, పిల్లలకు అది చాలు. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ కలంకారి వేస్తారు. కలంకారి వేసేది గుడ్డ మీద. ఆ గుడ్డ ఎవరో నెయ్యాల కదా, ఎవరు నేస్తా ఉండారో చూసి వద్దాము. సంఘం డబ్బు ఒక పైసా ముట్టుకోము, తలా ఇంత వేసుకుందాము. పెద్దాయన ఏమీ అనలేదు. యాత్ర దినం పొద్దున మూడున్నరకు బస్సు దగ్గరకు పోతే అందరికన్నా ముందు ఆయనే వచ్చి కూర్చోనుండారు, సంచిలో సొంతంగా నేసిన తువ్వాలు పెట్టుకొని.

అమావాస్య, ఆదివారం రెండూ కలిసి వచ్చిన దినం చూసి పెట్టుకున్నాము. అమావాస్య నాడు మనం ఎట్లాగూ మగ్గం ఎక్కము, ఆదివారం పిల్లలకు బడి లేదు. అది తెలివైన పని అనుకున్నాము గానీ, కాళహస్తిలో ఆ రెండూ కలిసిన దినం జనం ఎంత ఉంటారో తర్వాత తెలిసింది. 47 మందిమి. లత్తేరి, కాట్పాడి దాటి చిత్తూరు చేరేటప్పటికి తూరుపు తెల్లబడింది.

చిత్తూరులో టీ తాగడానికి ఆగితే ఒక చిన్న పాప అంగడి బోర్డు చూపించి, "అమ్మా, ఇవన్నీ మన ఇంటి మాటల అక్షరాలా?" అని అడిగింది. ఇంట్లో పొద్దస్తమానం తెలుగే మాట్లాడే పిల్ల. బడిలో తమిళం, ఇంగ్లీషు. వాళ్ళమ్మకూ చదవను రాదు. ఆమె మా పక్క చూసింది. మేము ఆ బోర్డు చదివి చెప్పినాము. "శుచి, రుచి" అని రాసి ఉండాది, అంతే. పాపకు అది పెద్ద మంత్రం మాదిరి అయిపోయింది, తిరుపతి దాకా అదే పాడుకుంటా వచ్చింది.

అక్కడ బస్సులో పిల్లలకు ఒక సంగతి చెప్పినాము, మీలో చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు గనక ఇక్కడా చెప్తాము. మన గుడియాత్తమూ, ఆ చిత్తూరూ, కాళహస్తీ ఒకప్పుడు ఒకే జిల్లా. ఉత్తర ఆర్కాడు అంటారు. దానికి చిత్తూరే ముఖ్య పట్టణం. 1911లో చిత్తూరు జిల్లాను వేరు చేసినారు. 2022 నుంచి కాళహస్తి తిరుపతి జిల్లాలో ఉండాది. మన తాతలకు అది పరాయి ఊరు కాదు, సొంత జిల్లాలో ఇంకో కొస. మనకు ఇప్పుడు యాత్ర అయింది.

చంద్రగిరి దగ్గర కోట కనబడింది, ఆగలేదు. రేణిగుంట, ఏర్పేడు దాటి కాళహస్తి చేరేసరికి ఎనిమిదిన్నర. గుడి సంగతి ఎక్కువ చెప్పము, మీరందరూ చూసినదే. వాయులింగం, గర్భగుడిలో ఆడతా ఉండే దీపం, గ్రహణం నాడు కూడా మూయని గుడి. పూజలు అయ్యి బయటకు వచ్చేసరికి పదకొండు దాటింది. చెప్పులు పెట్టిన చోట రెండు జతలు పోయినాయి.

ఒక్క గోపురం గురించి చెప్పాల. అక్కడ పెద్ద రాజగోపురం 1516లో కృష్ణదేవరాయలు కట్టించింది. 2010 మే 26న అది కూలిపోయింది. నడుమ పగులు పెద్దదై, రాత్రిపూట ఒక్కసారిగా కింద పడింది. మళ్ళీ కట్టి 2017లో కుంభాభిషేకం చేసినారు. మాతో వచ్చిన పెద్దాయన పాతదాన్ని చూసినారు, కొత్తదాన్ని చాలాసేపు చూసినారు. "బాగుండాది, అదే మాదిరి కట్టినారు. కానీ పాతది ఐదు వందల ఏండ్లు నిలబడింది. పగులు మొదలైనప్పుడే ఎవరన్నా చూసి ఉంటే..." అని ఆపేసినారు. ఆయన గోపురం గురించే అన్నారో, సంఘం గురించి అన్నారో మాకు తెలీదు, మేము అడగలేదు.

గుడి వెనకాల కన్నప్ప కొండ. పెద్ద కొండ కాదు, కానీ పదకొండు గంటల ఎండలో రాయి కాలుతా ఉంటే అరవై దాటిన మాకు అది పెద్దదే. పిల్లలు పరిగెత్తి ఎక్కేసినారు. మేము కూర్చొని, లేచి, మళ్ళీ కూర్చొని ఎక్కినాము. పైన కన్నప్ప గుడి. ఆ కన్నప్పను తమిళంలో అరవై మూడు మంది నాయన్మారుల్లో ఒకడు అంటారు. తెలుగులో తిన్నడు అని ధూర్జటి కవి కథ రాసినాడు. రెండు భాషల వాళ్ళూ మావాడే అనే మనిషి. సరిహద్దులో ఉండే మన మాదిరే అనుకోండి, కాకపోతే మనల్ని రెండు పక్కలా మావాళ్ళే అనేవాళ్ళు తక్కువ.

పైనుంచి చూస్తే ఊరంతా కాళ్ళ కింద ఉంటుంది. గోపురాలు ఒకదాని పక్కన ఒకటి, వాటి మధ్య ఇండ్ల మిద్దెలు, ఆరేసిన బట్టలు, గుడిని ఆనుకొని ఏరు. సువర్ణముఖి చంద్రగిరి పక్క కొండల నుంచి వస్తుంది. ఇక్కడికి వచ్చేసరికి ఉత్తరానికి తిరిగి గుడి పడమటి గోడ పక్కనే పోతుంది. ఉత్తరానికి పారే ఏరు పుణ్యం అని పెద్దవాళ్ళు చెప్తారు. అంత ఎత్తు నుంచి ఆ వంపు చక్కగా కనపడింది. ఎవరో గీసిన గీత మాదిరి. ఫోనులు అందరూ పైకి ఎత్తినారు.

అప్పుడు ఒక పిల్లవాడు అన్నాడు: "తాతా, ఏరు ఏదీ?"

ఇసుక. అక్కడక్కడ పచ్చగా గడ్డి, మధ్యలో ఒక సన్నని నీటి చార, అది కూడా ఊరి నీళ్ళో ఏటి నీళ్ళో పైనుంచి తెలీదు. హొగెనకల్ వద్దని ఇక్కడికి పిలుచుకొని వచ్చింది మేమే గనక మాకు మొహం చెల్లలేదు. ఒక వదినమ్మ, "మన పాలారును చూడటానికి ఇంత దూరం వచ్చినామా?" అనేసింది. అందరూ నవ్వినారు. నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు.

పాలారు మన ఇంటి పక్కనే ఉండాది గనక దాన్ని చూడటం మానేసినాము. మా నాయన కాలంలో ఇసుక చేత్తో తోడితే నీళ్ళు ఊరేవి, నూలు ఆ నీళ్ళలోనే ఉతికేవాళ్ళు. ఎగువన తోలు కార్ఖానాల మురికి దాంట్లో కలిసి, అది పెద్ద కోర్టు దాకా పోయింది. 1996లో సుప్రీం కోర్టు తీర్పు మన వేలూరు పేరు మీదే ఉండాది, చట్టం చదివే పిల్లలు ఈనాటికీ దాన్ని చదువుతారు. ఏటికి ఏం ఒరిగింది అంటే, మీరే పోయి చూడండి. 2021 నవంబరులో మాత్రం పాలారు రెండు ఒడ్డులూ ఒరుసుకొని వచ్చింది. అదే నెల సువర్ణముఖి కూడా పొంగి తిరుపతి పక్క ఊర్లను ముంచింది. రెండు ఏర్లకూ ఒకటే బుద్ధి. ఏండ్ల తరబడి కనపడవు, వచ్చినప్పుడు ఇండ్లు ఎత్తుకొని పోతాయి.

తిన్నడు ఈ ఏటి నీళ్ళే పుక్కిట పట్టి తెచ్చి శివుడికి అభిషేకం చేసినాడని కథ. పెద్దాయన కొండ మీద తువ్వాలు పరచుకొని కూర్చొని, "ఇప్పుడైతే తిన్నడు పుక్కిటికి కూడా తంటాలు పడాల, బాటిల్ కొనుక్కోవాల" అన్నారు. పులిహోర పొట్లాలు అక్కడే విప్పినాము. గాలి బాగా కొట్టింది. ఏరు లేకపోయినా ఆ చోటు బాగుండాదనే చెప్పాల, అబద్ధం ఆడకూడదు.

ఆ నీడలో పిల్లలకు ఇంకొక కథ చెప్పినాము. మద్రాసు పట్టణం ఎట్ల పుట్టింది అని. 1639లో ఇంగ్లీషు కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే సముద్రం ఒడ్డున స్థలం అడిగింది దామెర్ల వాళ్ళను. ఈ కాళహస్తిని తరవాత ఏలిన జమీందారులు ఆ దామెర్ల ఇంటివాళ్ళే. వాళ్ళ తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం అన్నారని చెప్తారు. ఓడ నిలవడానికి రేవు కూడా లేని ఆ ఇసుకలో కోట ఎందుకు కట్టినారు? బంగారం ఉండాదా? మిరియాలు ఉండాయా? ఆ చుట్టుపక్కల గుడ్డ బాగా దొరుకుతుంది, చౌకగా దొరుకుతుంది, అందుకే. కంపెనీవాళ్ళే తర్వాత నేతగాళ్ళను పిలిపించి చింతాద్రిపేటలో ఇండ్లు ఇచ్చి పెట్టుకున్నారు. ఆ పేరే చిన్న తరి పేట నుంచి వచ్చిందని అంటారు. ఇది చెప్తే ఒక కుర్రవాడు, షూ కంపెనీలో సూపర్వైజరు, "అంటే మనకోసం వాళ్ళు వచ్చినారా?" అన్నాడు. మన గుడ్డ కోసం వచ్చినారు నాయనా, మనకోసం కాదు అన్నాము.

కొండ దిగి కలంకారి వేసే ఒక ఇంటికి పోయినాము. ముందే ఫోను చేసి ఉండినాము. 47 మంది అంటే ఆ ఇంటాయన ఒక క్షణం బెదిరినాడు, తర్వాత "నేసేవాళ్ళా? రండి రండి" అని వాకిట్లో చాపలు వేయించినాడు. వ్యాపారులు వస్తారు, విదేశీయులు వస్తారు, నేసేవాళ్ళు రావడం అరుదు అన్నాడు.

కలంకారి రెండు రకాలు. బందరు పక్క పెడనలో చెక్క అచ్చులతో వేస్తారు. కాళహస్తిలో అచ్చు లేదు, అంతా చేత్తో, కలంతోనే. గుడి తెరలు, రథాల గుడ్డలు వేసే పని. నడుమ అది అంతరించిపోయే స్థితికి వస్తే 1950ల చివర కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకొని అక్కడ శిక్షణ కేంద్రం పెట్టించినారు. ఆ దారిలో వచ్చిన జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చినారు. కాళహస్తి కలంకారికి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉండాది. ఇదంతా పుస్తకం మాట. కళ్ళతో చూసింది చెప్తాము.

ముందు గుడ్డను బాగా ఉతికి గంజి అంతా పోగొడతారు. తర్వాత కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతారు. పాలు ఎందుకంటే రంగు పక్కకు పాకకుండా. చింత బొగ్గుతో బొమ్మ గీస్తారు. వెదురు పుల్లకు గుడ్డ పీలిక చుట్టి దారం కడితే అదే కలం. వేలితో ఆ గుడ్డను నొక్కితే రంగు మొనకు దిగుతుంది. నలుపు రంగు ఎట్ల చేస్తారో తెలుసా? తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి వారాలు నానబెడతారు. కసీం అంటారు. ఆ ఇంటాయన మా పిల్లల ముందు కలం ముంచి గీసినాడు. గీసేటప్పుడు వెలిసిపోయిన రంగు, చూస్తా ఉండగానే నల్లబడింది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఇనుము తగిలితే నలుపు. పిల్లలు మళ్ళీ మళ్ళీ గీయమన్నారు.

ఎరుపు కథ వేరే. ఎరుపు రావాల్సిన చోట ముందు పటిక నీళ్ళు పూస్తారు. అది ఆరినాక గుడ్డను పారే నీళ్ళలో ఉతకాల. నిలవ నీళ్ళలో ఉతికితే మిగులు పటిక పక్కకు పోయి అంటుకుంటుంది, తర్వాత వేరు రంగులో ఉడకబెట్టినప్పుడు అక్కడంతా ఎర్ర మచ్చలు. పారే నీళ్ళు మిగులును తీసుకొని పోతాయి, గీసిన చోటే పటిక నిలుస్తుంది, ఎరుపు అక్కడే పడుతుంది. అప్పుడు అర్థమయింది మాకు, ఈ పని ఈ ఊర్లో ఎందుకు పుట్టిందో. గుడి ఉండాది గనక ఒకటి. ఏరు ఉండాది గనక రెండు. "ఇప్పుడు ఎక్కడ ఉతుకుతారు?" అని అడిగితే ఆయన పెరట్లో సిమెంటు తొట్టి చూపించినాడు, బోరు నీళ్ళు. ఏట్లో నీళ్ళు వచ్చినప్పుడు పోతాము, పండగ మాదిరి పోతాము అన్నాడు.

గోడకు ఒక పెద్ద గుడ్డ వేలాడతా ఉండింది, రామాయణం అంతా గళ్ళు గళ్ళుగా. ప్రతి బొమ్మ కింద సన్నగా తెలుగులో రాత. చిత్తూరులో బోర్డు అడిగిన ఆ పాప దాని ముందు నిలబడి, "ఇక్కడ ఏం రాసి ఉండాది?" అన్నది. ఆమె వెనకాల ఇంకా పది మంది పిల్లలు, వాళ్ళ వెనకాల వాళ్ళ అమ్మలు. 47 మందిలో ఆ రాత చదవగలిగినవాళ్ళం ముగ్గురము. ముగ్గురమూ అరవై దాటినవాళ్ళమే. మా చిన్నప్పుడు మా ఊరి పక్క తెలుగు బడి ఉండింది, అందుకే మాకు వచ్చింది. 2006 చట్టం తర్వాత అన్ని బళ్ళలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం మనకు అన్నం పెట్టే భాష, దాన్ని ఏమీ అనము. కానీ ఇది రెండోదిగా అయినా నేర్పించమని అడగకుండా ఉండింది మనమే.

మేము కళ్ళజోడు సర్దుకొని ఒక్కో గడి చదువుతా పోయినాము. అరగంట పట్టింది. 8వ తరగతి వదిలినాక అంతమంది ముందు గట్టిగా చదవడం అదే మొదలు. గొంతు కొంచెం వణికింది, దాచేదానికి లేదు. ఆ ఇంటాయన పని ఆపి విన్నాడు.

అప్పుడు మా పెద్దాయన చదువును వినడం లేదు. ఆయన ఆ గుడ్డ అంచు పట్టుకొని బొటనవేలితో రుద్దుతా ఉండారు. వెలుతురుకు ఎత్తి చూసినారు. తర్వాత అందరి ముందు ఆ ఇంటాయనను అడిగినారు: "గాడా గుడ్డ ఎక్కడిది బాబూ? ఇది మగ్గం గుడ్డ కాదే."

ఆయన దాచలేదు. మరమగ్గం గుడ్డే అన్నాడు. మగ్గం గుడ్డ అయితే రంగు బాగా తాగుతుంది, మాకూ అదే ఇష్టం, కానీ ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రాదు, అడిగిన నాటికి రాదు, సగం పని అయినాక నడుమ పోగు తప్పు కనపడితే మా నెల కష్టం పోతుంది అన్నాడు. మాకు కోపం రావాల. రాలేదు, నిజం గనక. మా గోడౌనులో కూడా ఎత్తి చూపించలేని మూటలు ఉండాయి. పెద్దాయన, "ఎన్ని గజాలు కావాల, ఎంత పన్నా?" అని అడిగినారు. వాళ్ళిద్దరూ పక్కకు పోయి కూర్చున్నారు. బస్సు డ్రైవరు హారను కొట్టినా కదల్లేదు.

ఇంటికి చేరేసరికి రాత్రి పదిన్నర. మరుసటి దినం పెద్దాయన సంఘానికి వచ్చి తెల్ల నూలు ఇయ్యండి అన్నారు. యాత్ర వద్దన్న మనిషి.

ఇక్కడ నేసేవాళ్ళకు ఒక మాట. మనం లుంగీకి అలవాటు పడినాము. రంగు నూలు, గళ్ళు. గళ్ళలో తప్పు దాక్కుంటుంది. ఒట్టి తెల్లగుడ్డలో పేక ఒక్కటి వదులైనా, పడుగు ఒక్క పోగు తెగి ముడి పడినా, దూరం నుంచి కనపడుతుంది. పావు ఎక్కించడానికే మూడు దినాలు పట్టింది ఆయనకు. పది గజాలు నేసి పంపినాము. వారం తర్వాత ఫోను వచ్చింది. గుడ్డ బాగుండాది, కానీ కరక్కాయ పట్టలేదు, మచ్చలు మచ్చలుగా ఉండాది అని. ఎందుకో మాకు అంతుపట్టలేదు. రెండు దినాలు తలలు పట్టుకున్నాక పెద్దాయన భార్య, మా అక్కయ్య వరస, "మీరు గంజిలో నూనె కలపలేదా?" అన్నది. పోగు తెగకుండా పడుగు గంజిలో కొంచెం నూనె వేసేది మన అలవాటు. లుంగీకి ఏం కాదు, కట్టేవాడు రెండు ఉతుకులు ఉతికితే పోతుంది. కలంకారికి ఆ నూనె పోకపోతే పాలూ కరక్కాయా దిగవు. ఇన్నేండ్ల అనుభవం ఉండే మగవాళ్ళం అందరమూ కూర్చొని కనుక్కోలేనిది, రోజూ గంజి కాచే ఆమె ఒక్క మాటలో చెప్పింది.

రెండో సారి నూనె లేకుండా గంజి పెట్టినాము. పోగులు బాగా తెగినాయి. పెద్దాయన తిట్టుకుంటానే నేసినారు. ఈసారి గుడ్డ రంగు తాగింది. ఆయన దాని మీద ఒక చిన్న బొమ్మ వేసి, ఫోటో కాకుండా గుడ్డనే పంపించినాడు. అంచున మా ఊరి పేరు తెలుగులో రాసి పంపినాడు. మేము అడగలేదు.

ఇప్పుడు యాభై గజాలు అడిగినాడు. ధర దగ్గర ఇంకా కుదరలేదు. ఆయన ఇస్తాం అన్న ధరకు కూలీ లెక్క వేస్తే లుంగీ కన్నా గజానికి కొంచెం ఎక్కువే, కానీ పోగు తెగి పోయే సమయం లెక్క వేస్తే తక్కువ. దీన్ని మేము మీ ముందు దాచము. మాకు రెండు మగ్గాలు మాత్రమే ఆ పని మీద ఉండాయి. మిగిలినవి లుంగీలోనే ఉండాయి, మూటలు ఇంకా అట్లే ఉండాయి, ఆ వ్యాపారి ఇంకా ఇదిగో అదిగో అంటానే ఉండాడు. సమాఖ్య పెద్దలను అడిగేది ఒకటే. తెల్ల నూలు మాకు విడిగా తక్కువ తక్కువగా కొంటే ధర ఎక్కువ పడుతుంది. నాలుగైదు సంఘాలు కలిసి తీసుకుంటే ఆ కూలీ లెక్క మారుతుంది. ఎవరికి ఇష్టముందో భోజనం దగ్గర చెప్పండి, రాసుకుంటాము.

ఇంకొకటి. ఆదివారం సాయంత్రం సంఘం కట్టడంలో నూలు మూటల మధ్య పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పిస్తా ఉండాము. పంతులు లేడు, మేమే. మొదట పద్నాలుగు మంది వచ్చినారు, ఇప్పుడు ఆరుగురు. "శుచి, రుచి" పాప మానలేదు. మొన్న కాళహస్తికి పోయే మూట మీద చిరునామా ఆమే రాసింది. ళ దగ్గర కొంచెం తిప్పలు పడింది, అయినా మూట సరిగానే చేరింది.

ఆ గుడ్డ ముక్క బయట మా బల్ల మీద పెట్టినాము. అందరూ చూడండి, తాకి చూడండి, వెలుతురుకు ఎత్తి చూడండి, తప్పు కనపడితే చెప్పండి. భోజనం అయినాక చూసేవాళ్ళు మాత్రం చెయ్యి సబ్బుతో కడుక్కొని రండి, నూనె అంటితే రంగు దిగదు.